దూరపు కొండలు నునుపే.. కొలువు మారే ముందు కొలిచి చూడాలి

* జీతం అంకె ఒక్కటే చూస్తే చిక్కే
* భవిష్యనిధి చెల్లింపులే సంస్థకు అద్దం
* ఔషధ పరిశ్రమల ఉద్యోగులు పరిశీలించాల్సిన అంశాలు అనేకం

పటాన్‌చెరు: చేస్తున్న ఉద్యోగంపై విసుగు పుట్టిన మనిషికి ఎదుటి పరిశ్రమ ద్వారం స్వర్గద్వారంలా కనిపించడం సహజం. అక్కడ జీతం ఎక్కువని ఒకరు, పని తక్కువని మరొకరు చెబుతారు. రాజీనామా పత్రం ఇచ్చేసి కొత్త చోట చేరిన మూడు నెలలకు గానీ అసలు సంగతి బోధపడదు. అప్పటికి పాత చోట ఆ కుర్చీలో మరొకరు కూర్చుని ఉంటారు. పెనం మీద నుంచి పొయ్యిలో పడిన చందమవుతుంది. పెళ్లి సంబంధానికి ఏడు తరాలు ఆరా తీసే మన కుటుంబాలు, రోజుకు పది, పన్నెండు గంటలు గడపాల్సిన సంస్థ గురించి మాత్రం నలుగురిని అడగకుండానే అడుగు వేస్తున్నాయి.

సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జిన్నారం ప్రాంతాలు, మహబూబ్‌నగర్ జిల్లా జడ్చర్ల, అనకాపల్లి జిల్లా పరవాడ, అచ్యుతాపురం, శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం వంటి చోట్ల ఔషధ, రసాయన పరిశ్రమలపై ఆధారపడిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. బీఎస్సీ, ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం, బీఫార్మసీ చదివిన గ్రామీణ యువతకు ఇవే ప్రధాన ఉపాధి కేంద్రాలు. ఒక సంస్థలో రెండు, మూడేళ్లు అనుభవం గడించి మరో సంస్థకు మారడం ఇక్కడ కొత్త కాదు. అసలు ఈ ప్రాంతంలో ఔషధ రంగం వేళ్లూనుకున్నదే అలాంటి మార్పులతో. హైదరాబాద్‌లోని ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి బయటకు వచ్చి, 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌ను స్థాపించిన సంగతి అందరికీ తెలిసిందే. కాబట్టి కొలువు మారడం తప్పు కాదు. కళ్లు మూసుకుని మారడమే తప్పు.

అసంతృప్తికి మూలమేది?

కొత్త సంస్థను పరిశీలించడానికి ముందు పాత సంస్థను ఎందుకు వదలాలనుకుంటున్నారో తేల్చుకోవడం మొదటి మెట్టు. జీతం చాలకపోవడం, జీతం సమయానికి రాకపోవడం, పై అధికారి ప్రవర్తన, రాత్రి విధులు, ఎదుగుదల లేకపోవడం, ఆరోగ్యంపై భయం.. వీటిలో అసలు కారణం ఏదో ఒక కాగితంపై రాసుకోవాలి. రోగం ఒకటైతే మందు మరొకటి వేసుకుంటే ప్రయోజనం ఉండదు. రాత్రి విధులతో ఆరోగ్యం దెబ్బతిని బయటకు రావాలనుకున్న వ్యక్తి, రెండు వేలు ఎక్కువ వస్తాయని మళ్లీ రాత్రి విధులున్న చోటే చేరితే ఆరు నెలల్లో మళ్లీ అదే విసుగు తప్పదు.

కొన్ని ఇబ్బందులు అదే సంస్థలో విభాగం మారితే తీరిపోతాయి. ఉత్పత్తి విభాగం నుంచి నాణ్యత నియంత్రణకో, ఒక బ్లాకు నుంచి మరో బ్లాకుకో మార్పు కోరే అవకాశం ఉందేమో ముందుగా అడిగి చూడటం మేలు. అడిగినా ఫలితం లేనప్పుడు బయటి ప్రయత్నం మొదలుపెట్టాలి. అదీ చేతిలో నియామక పత్రం పడే వరకు ఉన్న ఉద్యోగాన్ని వదలకుండానే సాగాలి.

భవిష్యనిధి చెప్పే నిజం

సంస్థ ఆర్థిక స్థితిని తెలుసుకోవడానికి సామాన్య ఉద్యోగికి అందుబాటులో ఉన్న గట్టి ఆధారం ఉద్యోగుల భవిష్యనిధి. 20 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలకు ఇది వర్తిస్తుంది. ఉద్యోగి వేతనం నుంచి 12 శాతం మినహాయించి, యాజమాన్యం తన వాటాగా మరో 12 శాతం కలిపి తర్వాతి నెల 15వ తేదీలోగా జమ చేయాలి. భవిష్యనిధి సంస్థ అంతర్జాలంలో సంస్థల వివరాలు వెతికే సదుపాయాన్ని కల్పించింది. సంస్థ పేరు నమోదు చేస్తే ఏ నెల సొమ్ము ఏ తేదీన జమ అయిందో, ఎంతమంది ఉద్యోగుల పేరిట జమ అయిందో కనిపిస్తుంది. దీనికి రుసుము లేదు.

ఈ పట్టికను ఏడాది వెనక్కి వెళ్లి చదివితే చాలా సంగతులు బయటపడతాయి. ప్రతి నెలా గడువులోగా సొమ్ము జమ అవుతుంటే నగదుకు కటకట లేదని భావించవచ్చు. రెండు, మూడు నెలలది ఒకేసారి జమ చేస్తున్నారంటే జీతాలూ అదే తీరున నడుస్తున్నాయేమో ఆరా తీయాలి. ఉద్యోగుల సంఖ్య నెలనెలా తగ్గుతుంటే ఎందుకు తగ్గుతోందో అడగాలి. 400 మంది పనిచేస్తున్నారని చెప్పుకొనే సంస్థ 60 మందికే సొమ్ము కడుతుంటే మిగిలినవారు గుత్తేదారు కింద ఉన్నారని గానీ, అసలు లెక్కలోనే లేరని గానీ అర్థం. కొత్తగా చేరే వ్యక్తి ఆ 60 మందిలో ఒకరవుతారా, మిగిలిన 340 మందిలో ఒకరవుతారా అన్నది ముందే తేలాలి.

భవిష్యనిధి ఖాతా లేకపోతే పోయేది పొదుపు ఒక్కటే కాదు. పదేళ్ల సర్వీసు పూర్తయితే వచ్చే పింఛను హక్కు పోతుంది. విధుల్లో ఉండగా ఉద్యోగి మరణిస్తే కుటుంబానికి బీమా పథకం కింద గరిష్ఠంగా రూ.7 లక్షల వరకు అందే ఆసరా కూడా దూరమవుతుంది.

పేరు చూసి మోసపోవద్దు

ప్రైవేటు లిమిటెడ్, లిమిటెడ్ సంస్థల వివరాలు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వశాఖ వెబ్‌సైటులో లభిస్తాయి. సంస్థ ఏ సంవత్సరంలో నమోదైంది, ప్రస్తుతం నడుస్తున్నట్లు నమోదై ఉందా, కొట్టివేతకు గురైందా, చివరిసారి లెక్కలు ఎప్పటివి సమర్పించారు, ఆస్తులపై ఏయే బ్యాంకుల రుణాలున్నాయి అన్న వివరాలు చూడవచ్చు. రెండు, మూడేళ్లుగా లెక్కలు సమర్పించని సంస్థ విషయంలో జాగ్రత్త అవసరం. భాగస్వామ్య, సొంత యాజమాన్య సంస్థలైతే జీఎస్టీ వెబ్‌సైటులో నమోదు సంఖ్య ఆధారంగా పరిశీలించవచ్చు. నమోదు అమలులో ఉందా, రద్దయిందా, నెలవారీ రిటర్నులు దాఖలు చేస్తున్నారా అన్నది అక్కడ తెలుస్తుంది.

సంస్థ పెద్దదైనంత మాత్రాన పరిశీలన అక్కర్లేదనుకోవడం పొరపాటు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో తారుమారు జరిగిందని స్వయంగా అంగీకరించిన ఉదంతం తెలుగువారు మరచిపోలేనిది. దేశంలో అగ్రశ్రేణి సంస్థగా పేరొందిన దానిలో పనిచేస్తున్న వేలాది కుటుంబాలు ఒక్క రోజులో అయోమయంలో పడ్డాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా చేతికి వెళ్లాకే వారికి కాస్త ఊరట లభించింది. బయటి ఆర్భాటాన్ని బట్టి లోపలి సత్తాను అంచనా వేయలేమనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

విదేశీ తనిఖీలనూ గమనించాలి

ఔషధ సంస్థల్లో చేరేవారికి మరో ప్రత్యేక ఆధారం ఉంది. అమెరికాకు ఔషధాలు ఎగుమతి చేసే పరిశ్రమలను అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ యూఎస్‌ఎఫ్‌డీఏ తనిఖీ చేస్తుంది. తీవ్రమైన లోపాలను సరిదిద్దుకోని సంస్థలకు హెచ్చరిక లేఖలు జారీ చేస్తుంది. మరీ తీవ్రమైతే ఆ పరిశ్రమ నుంచి దిగుమతులను నిలిపివేస్తుంది. ఆ లేఖలు, దిగుమతి నిలిపివేతల జాబితా ఆ సంస్థ వెబ్‌సైటులో ఎవరైనా చదువుకోవచ్చు.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, ఇలాంటి లేఖ తనిఖీ జరిగిన పరిశ్రమ లోపాలను వివరిస్తుంది. ఒకే సంస్థకు నాలుగైదు చోట్ల పరిశ్రమలుంటాయి కనుక చేరబోయే యూనిట్ ఏదో, లేఖ వచ్చింది ఏ యూనిట్‌కో చిరునామాతో సహా సరిచూసుకోవాలి. రెండోది, లేఖ వచ్చినంత మాత్రాన పరిశ్రమ మూతపడుతుందని కాదు. లోపాలు సరిదిద్దుకున్నాక మళ్లీ గాడిన పడిన సంస్థలూ ఉన్నాయి. అయితే దిగుమతి నిలిపివేత కొనసాగుతున్న యూనిట్‌లో ఉత్పత్తి తగ్గవచ్చు. ఆ ప్రభావం ముందుగా పడేది కొత్తగా చేరినవారిపైనే.

నాణ్యత నియంత్రణ విభాగంలో చేరేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. పరీక్షా ఫలితాలను తుడిచివేయడం, వెనుక తేదీలు వేయడం, విఫలమైన పరీక్షను దాచి మళ్లీ చేయడం వంటి అంశాలు హెచ్చరిక లేఖలో ఉంటే అక్కడి పని వాతావరణం ఎలాంటిదో ఊహించవచ్చు. ఒత్తిడి పైనుంచి వచ్చినా కాగితంపై సంతకం మాత్రం కింది ఉద్యోగిదే ఉంటుంది. రేపు విచారణ జరిగితే సమాధానం చెప్పుకోవాల్సింది ఆ సంతకమే.

స్థానిక విపణికి మాత్రమే ఔషధాలు తయారుచేసే చిన్న పరిశ్రమల విషయంలోనూ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఉత్పత్తి ప్రమాణాలను నిర్దేశించే షెడ్యూల్-ఎంను కేంద్రం 2023 డిసెంబరులో సవరించింది. దాని అమలుకు చిన్న, మధ్యతరహా పరిశ్రమలకు పొడిగించిన గడువు 2025 డిసెంబరు 31తో ముగిసింది. ఆ ప్రమాణాలకు తగినట్లు పరిశ్రమను తీర్చిదిద్దుకున్నారా, లేదా అన్నది ముఖాముఖిలో నిస్సంకోచంగా అడగవచ్చు.

ప్రాణం కంటే జీతం ఎక్కువ కాదు

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడు 17 మందిని బలి తీసుకుంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని పరిశ్రమలో సంభవించిన పేలుడులో 40 మందికి పైగా మృత్యువాత పడ్డారు. పొద్దున టిఫిన్ డబ్బాతో వెళ్లిన మనిషి కోసం ఆసుపత్రుల వద్ద, పరిశ్రమ గేటు వద్ద రోజుల తరబడి పడిగాపులు కాసిన కుటుంబాలను ఈ జిల్లా చూసింది. కాబట్టి రసాయన పరిశ్రమలో చేరబోయే వ్యక్తి అడగాల్సిన ప్రశ్నల్లో భద్రత మొదటి వరుసలో ఉండాలి.

చేరబోయే బ్లాకులో వాడే ద్రావకాలు, వాయువులు, పొడి పదార్థాలు ఏవి? వాటి ప్రమాదాలపై చేరిన తొలి రోజుల్లో శిక్షణ ఇస్తారా, సంతకం తీసుకుని వదిలేస్తారా? అత్యవసర సమయంలో బయటపడే కసరత్తు చివరిసారి ఎప్పుడు నిర్వహించారు? రాత్రి విధుల్లో అనుభవజ్ఞుడైన పర్యవేక్షకుడు ఉంటారా? రియాక్టర్ల వద్ద పనిచేసేది శిక్షణ పొందినవారా, నిన్న మొన్న వచ్చిన గుత్తేదారు కూలీలా? అంబులెన్సు ప్రాంగణంలోనే ఉంటుందా? వీటికి సూటిగా బదులు చెప్పే సంస్థ ఒక రకం. ‘అవన్నీ చేరాక మీకే తెలుస్తాయి’ అని దాటవేసే సంస్థ మరో రకం. పనిచేసే చోట పొంచి ఉన్న ప్రమాదాల గురించి తెలుసుకోవడం కార్మికుడి హక్కు. అడిగితే ఉద్యోగం రాదేమోనన్న భయం అక్కర్లేదు. అడిగినందుకే ఉద్యోగం ఇవ్వని సంస్థలో చేరకపోవడమే లాభం.

గేటు వద్ద దొరికే సమాచారం

అంతర్జాలంలో దొరకని సంగతులు పరిశ్రమ గేటు ఎదుట టీ కొట్టు వద్ద దొరుకుతాయి. షిఫ్టు మారే వేళకు ఒక గంట ముందు వెళ్లి కూర్చుంటే చాలు. వచ్చేవారి, పోయేవారి ముఖాలే సగం సమాధానం చెబుతాయి. విధులు ముగిసిన సమయానికే బస్సు కదులుతుందా, రెండు గంటలు ఆలస్యంగా కదులుతుందా చూడాలి. అదనపు గంటలకు చట్టప్రకారం రెట్టింపు వేతనం చెల్లించాలి. ఇస్తున్నారో లేదో పనిచేసేవారే చెప్పగలరు.

‘సంస్థ మంచిదేనా?’ అని అడిగితే ‘బాగానే ఉంటుంది’ అన్న జవాబే వస్తుంది. దానివల్ల ఒరిగేదేమీ లేదు. ప్రశ్న సూటిగా ఉండాలి. గత మూడు నెలల జీతం ఏయే తేదీల్లో పడింది? ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే సెలవు దొరుకుతుందా? విభాగంలో గత ఏడాది ఎంతమంది మానేశారు? మానేసినవారికి చివరి లెక్క ఎన్నాళ్లకు ముట్టింది? ఇప్పుడు ఖాళీ అయిన స్థానంలో ఇంతకుముందు ఉన్నవారు ఎందుకు వెళ్లిపోయారు? చివరి రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే సంస్థ గుణం సగం తెలిసినట్లే. ఉద్యోగిని చేర్చుకునేటప్పుడు ఏ యాజమాన్యమైనా తియ్యగానే మాట్లాడుతుంది. పంపించేటప్పుడు ఎలా మాట్లాడుతుందన్నదే కొలబద్ద.

ఒక్కరి మాటనే నమ్మడం కూడా సరికాదు. గొడవపడి బయటకు వచ్చిన వ్యక్తి చెప్పేది ఒక తీరున, మనిషిని చేర్పిస్తే బహుమతి సొమ్ము పొందే వ్యక్తి చెప్పేది మరో తీరున ఉంటుంది. వేర్వేరు విభాగాల్లో పనిచేసే ముగ్గురు, నలుగురి మాటలు కలిసిన చోట నిజం ఉంటుంది.

జీతం లెక్క విప్పి చూస్తే..

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పాత సంస్థలో స్థూల వేతనాన్ని, కొత్త సంస్థ చెప్పే మొత్తం వ్యయాన్ని పక్కపక్కన పెట్టి పోలుస్తారు. వాడుకలో సీటీసీగా పిలిచే ఈ అంకెలో ఉద్యోగిపై సంస్థ పెట్టే ప్రతి పైసా చేరి ఉంటుంది. అదంతా చేతికి వచ్చే సొమ్ము కాదు.

ఉదాహరణకు ఒక ఉద్యోగి స్థూల వేతనం నెలకు రూ.21,000, అందులో మూల వేతనం రూ.15,000 అనుకుందాం. భవిష్యనిధికి రూ.1,800, ఈఎస్‌ఐకి 0.75 శాతం చొప్పున రూ.158, వృత్తి పన్ను రూ.200 పోగా చేతికి రూ.18,842 వస్తుంది. కొత్త సంస్థ ఏడాదికి రూ.3.60 లక్షలు, అంటే నెలకు రూ.30,000 ఇస్తామంది. తొమ్మిది వేలు పెరిగిందని సంబరపడే ముందు లెక్క విప్పాలి. పనితీరును బట్టి ఏడాది చివర ఇచ్చే మొత్తం నెలకు రూ.3,000, యాజమాన్యం కట్టే భవిష్యనిధి వాటా రూ.1,800, గ్రాట్యుటీ కింద చూపేది రూ.720, బృంద బీమా రూ.480.. ఇవన్నీ కలిపి రూ.6,000 అందులోనే ఉన్నాయి. మిగిలిన రూ.24,000 నుంచి ఉద్యోగి భవిష్యనిధి వాటా రూ.1,800, వృత్తి పన్ను రూ.200, భోజనం, బస్సు కింద రూ.1,000 పోతే చేతికి దక్కేది రూ.21,000. కాగితంపై కనిపించిన తొమ్మిది వేల తేడా చేతికొచ్చేసరికి రూ.2,158కి కుదించుకుపోయింది. కొత్త చోటికి ఇల్లు మారాల్సి వస్తే అద్దె తేడాకే అది సరిపోదు.

మరో చిక్కు కూడా ఉంది. నెలకు రూ.21,000 వరకు వేతనం పొందేవారికే ఈఎస్‌ఐ వర్తిస్తుంది. కొత్త వేతనం ఆ పరిమితి దాటడంతో కుటుంబమంతటికీ ఉన్న వైద్య సదుపాయం పోతుంది. సనత్‌నగర్, రామచంద్రాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రుల్లో తల్లిదండ్రులకో, పిల్లలకో చికిత్స చేయిస్తున్నవారికి ఇది చిన్న విషయం కాదు. కొత్త సంస్థ ఇచ్చే బృంద బీమా ఉద్యోగికి మాత్రమేనా, భార్యాపిల్లలకు, తల్లిదండ్రులకు కూడా వర్తిస్తుందా, ఎంత మొత్తానికి అన్నది రాతపూర్వకంగా తెలుసుకోవాలి. మధుమేహం, మూత్రపిండాల వ్యాధి వంటివి ఇంట్లో ఇప్పటికే ఉంటే వాటికి బీమా వర్తిస్తుందో లేదో అడగడం మరవరాదు.

గ్రాట్యుటీకి ఎన్నాళ్లుంది?

సాధారణ ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే ఒకే సంస్థలో ఐదేళ్ల సర్వీసు ఉండాలి. మరణం, అంగవైకల్యం సంభవించినప్పుడు ఈ నిబంధన వర్తించదు. ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున, నెలకు 26 రోజుల లెక్కన చెల్లిస్తారు. చివరి మూల వేతనం, కరవు భత్యం కలిపి రూ.13,000 ఉన్న ఉద్యోగికి ఏడాదికి రూ.7,500 వంతున ఐదేళ్లకు రూ.37,500 వస్తుంది. నాలుగున్నరేళ్లు పూర్తిచేసిన వ్యక్తి ఆరు నెలలు ఓపిక పడితే చేతికందే సొమ్మును తొందరపాటుతో వదులుకోవడం విజ్ఞత కాదు. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కార్మిక స్మృతుల ప్రకారం నిర్ణీత కాలానికి నియమితులైన ఉద్యోగులకు ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ అర్హత లభిస్తుంది. తమ నియామకం ఏ కోవలోకి వస్తుందో పత్రం తీసి చదువుకోవాలి.

సంతకం చేసే ముందు

కొత్త స్మృతుల ప్రకారం ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. ఆ పత్రంలో ముందుగా చూడాల్సింది పైన ముద్రించిన పేరు. పరిశ్రమ పేరుందా, మానవ వనరులు సరఫరా చేసే గుత్తేదారు పేరుందా? ముఖాముఖి జరిపింది పరిశ్రమ అధికారులే అయినా, పత్రం ఇచ్చేది గుత్తేదారు అయితే ఆ ఉద్యోగి పరిశ్రమ జాబితాలో ఉండరు. హోదా, పనిచేసే చోటు, పరిశీలన కాలం, వేతన విభజన, రాజీనామాకు ముందు ఇవ్వాల్సిన గడువు స్పష్టంగా ఉండాలి. నోటితో ఇచ్చిన హామీలు కాగితం మీదికి రాకపోతే అవి హామీలు కావు. ‘ఆరు నెలల్లో జీతం పెంచుతాం’ అన్నవారిని ఆ మాట పత్రంలో రాయమని వినయంగానే కోరవచ్చు.

కొన్ని సంస్థలు రెండు, మూడేళ్లు మానేయకూడదని ఒప్పందపత్రం రాయించుకుంటాయి. ఇలాంటివి చెల్లవని తేలిగ్గా తీసుకోరాదు. మూడేళ్లు నిండకుండా మానేస్తే రూ.2 లక్షలు చెల్లించాలన్న ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు నిబంధనను 2025 మే నెలలో సుప్రీంకోర్టు సమర్థించింది. అదే సమయంలో, ఒప్పందంలో రాసినంత మాత్రాన ఆ మొత్తమంతా రాబట్టుకోవడం కుదరదని, న్యాయమైన పరిహారం మేరకే దక్కుతుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షన్ చెబుతోంది. కనుక మొత్తం ఎంత, కాలం ఎంత, అందుకు బదులుగా సంస్థ ఏ శిక్షణ ఇస్తోంది అన్నవి చూసుకున్నాకే సంతకం చేయాలి. చదువుకున్న అసలు ధ్రువపత్రాలను తమ వద్ద ఉంచుకుంటామనే సంస్థకు దూరంగా ఉండటం మంచిది. చూపించి, నకళ్లు ఇచ్చి, అసలు పత్రాలు వెంట తెచ్చుకోవాలి. కొలువు ఇప్పించడానికి డిపాజిట్ అని, శిక్షణ రుసుము అని డబ్బు అడిగితే అక్కడితో మాటలు ఆపేయాలి. జీతం ఇవ్వాల్సినవారే ఎదురు డబ్బు అడగడంలోనే మోసం దాగి ఉంది.

వెళ్లేటప్పుడూ మర్యాదగానే

కొత్త సంస్థ అన్ని పరీక్షల్లో నెగ్గాకే రాజీనామా ఇవ్వాలి. పాత సంస్థలో నిర్దేశించిన గడువు రెండు, మూడు నెలలుంటే కొత్త సంస్థ అంతవరకు ఆగుతుందో లేదో ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. చెప్పాపెట్టకుండా మానేస్తే అనుభవ పత్రం, విడుదల పత్రం దక్కవు. మళ్లీ ఎప్పుడో మరో సంస్థకు మారాలనుకున్నప్పుడు ఆ లోటు అడ్డుగోడలా నిలుస్తుంది. ఔషధ రంగంలో విభాగాధిపతులు ఒకరికొకరు తెలిసినవారే కావడంతో గొడవపడి వెళ్లిన కబురు మనిషికంటే ముందే కొత్త చోటికి చేరుతుంది.

రాజీనామా చేసిన ఉద్యోగికి రావాల్సిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతన స్మృతి నిర్దేశిస్తోంది. భవిష్యనిధి సొమ్మును తీసేసుకోకుండా కొత్త ఖాతాకు బదిలీ చేసుకుంటే సర్వీసు కొనసాగుతుంది, పింఛనుకు కావాల్సిన పదేళ్లు కలిసివస్తాయి. ఐదేళ్లలోపు తీసుకుంటే పన్ను భారం పడే అవకాశమూ ఉంది. పాత సంస్థ మానేసిన తేదీని భవిష్యనిధి రికార్డులో నమోదు చేసిందో లేదో చూసుకోవాలి. నమోదు చేయకపోతే, చివరి చందా జమ అయిన రెండు నెలల తర్వాత ఉద్యోగే స్వయంగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చు. ఆధార్‌లో, భవిష్యనిధి ఖాతాలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా లేకపోతే పాత సంస్థలో ఉండగానే సరిచేయించుకోవడం ఉత్తమం. వేతన బకాయిలు ఉంటే కార్మికశాఖ అధికారులకు, భవిష్యనిధి సొమ్ము జమ చేయకపోతే ఆ సంస్థ ప్రాంతీయ కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చు.

ఆగాల్సింది ఎప్పుడు, కదలాల్సింది ఎప్పుడు?

పరిశీలన అంతా ముగిశాక ముందుగా రాసుకున్న కాగితాన్ని మళ్లీ తీయాలి. పాత చోట బాధించిన ప్రధాన కారణం కొత్త చోట తొలగిపోతోందా? తొలగిపోతుంటే, సంస్థ జీతాలు సకాలంలో ఇస్తుంటే, ప్రాణానికి ముప్పు లేకుంటే చేతికి వచ్చే సొమ్ము కాస్త అటూఇటూ అయినా మారడంలో నష్టం లేదు. జీతం మాత్రమే పెరిగి అసలు కారణం అలాగే ఉంటే మరో అవకాశం కోసం నిరీక్షించడమే మేలు.

అన్నిటికీ ఆగడం మంత్రం కాదు. మూడు నెలలుగా జీతం ఇవ్వని చోట, మినహాయించిన భవిష్యనిధి సొమ్మును జమ చేయని చోట, ప్రమాదం పొంచి ఉందని తెలిసీ యంత్రాన్ని నడపమని ఒత్తిడి తెచ్చే చోట ఐదేళ్ల గ్రాట్యుటీ కోసమో, అనుభవ పత్రం కోసమో రోజులు లెక్కపెట్టడం వివేకం అనిపించుకోదు. అలాంటి చోటు నుంచి బయటపడాల్సిందే. అప్పుడు కూడా చేతిలో రెండు నెలల ఇంటి ఖర్చు, జీతం చీటీల నకళ్లు, హాజరు వివరాలు ఉండేలా చూసుకోవాలి. బకాయిల కోసం రేపు అధికారుల ముందుకు వెళ్లినప్పుడు ఆ కాగితాలే సాక్ష్యం చెబుతాయి.